పన్నెండు బిందెల పద్దు

మొన్న సంక్రాంతికి ముందు అటక మీది ట్రంకుపెట్టె దింపి సర్దుతుండగా అడుగున ఆరు పాత పద్దు పుస్తకాలు బయటపడ్డాయి. అట్టలు చెదలు కొట్టాయి గాని లోపలి కాగితాలు బాగానే ఉన్నాయి. మేము మద్రాసులో కాపురం పెట్టిన 1982 శ్రావణమాసం మొదలుకొని సుమారు పదేళ్ళపాటు నేను రోజూ రాత్రి పడుకోబోయే ముందు రాసిన ఇంటిఖర్చులవి. పాలు, కూరలు, కిరసనాయిలు, బస్సు చార్జీలు, పుట్టింటికి రాసిన కార్డులు. ఇవి ఏ ఇల్లాలి పద్దులోనైనా ఉండేవే. నా పద్దులో వీటితోబాటు ఇంకొకటుంది. ప్రతి పేజీలోనూ కుడివైపు అంచున ఒక నిలువుగీత, ఆ గీత పక్కన ఒక అంకె. 12, 12, 9, 12, 7, 12, 4. కొన్నిచోట్ల సున్నా. అది డబ్బు లెక్క కాదు. ఆ రోజు ఇంట్లోకి వచ్చిన నీళ్ళ బిందెల లెక్క.

మావారు ఒక పుస్తకం చేతిలోకి తీసుకుని, కళ్ళద్దాలు సవరించుకుని, ఆ అంకెలనే చాలాసేపు చూశారు. "ఇదోయ్ మన చరిత్ర!" అన్నారు. నవ్వులాటకే అన్నా, ఆ మాట నన్ను వదలలేదు. పుస్తకాల్లో చదివిన మద్రాసు చరిత్ర 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర ఇంగ్లీషు కంపెనీవారు సముద్రపు ఒడ్డున ఇసుకనేల పుచ్చుకోవడంతో మొదలవుతుంది. ఆపైన కోటలు, గవర్నర్లు, ఫ్రెంచివారితో యుద్ధాలు. ఇన్ని లక్షలమంది ఈ ఉప్పు సముద్రం పక్కన ఏ నీళ్ళు తాగి బతికారన్న సంగతి ఆ పుస్తకాల్లో ఎక్కడో ఒక మూల ఉంటుంది. నా పద్దు మొదలయ్యేది ఆ మూల దగ్గరే. అందుకని రెంటినీ పక్కపక్కన పెట్టి చదువుకున్నాను. ఈ వ్యాసం ఆ చదువు ఫలితం.

*

ముందు నా ఊరి సంగతి చెప్పాలి. కాలవ ఒడ్డున పుట్టినదానికి నీళ్ళు లెక్కపెట్టవలసి రావడం ఎటువంటిదో అది చెబితే గాని తెలియదు.

బెజవాడ దగ్గర కృష్ణకు 1855లో ఆనకట్ట పూర్తయింది. అది పాతబడ్డాక దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అక్కడ మళ్ళిన నీరు తెనాలి ప్రాంతమంతా కాలవలై పాకుతుంది. దుగ్గిరాల దగ్గర చీలే కొమ్మమూరు కాలవ గట్టునే మా ఊరు. మా పెరటి తలుపు తీస్తే నాలుగు మెట్లు, మెట్ల కింద కృష్ణ. గిన్నెలు అక్కడే తోమేవాళ్ళం, బట్టలు అక్కడే ఉతికేవాళ్ళం. వేసవిలో కాలవ కట్టేసిన రోజులకు బావులూ చెరువులూ ఉండేవి. నీళ్ళు అనే వస్తువుకు ఒక కొలత ఉంటుందని పెళ్ళయ్యేదాకా నాకు తోచలేదు.

ఆ కాలవకు మద్రాసుతో ఒక చుట్టరికం ఉంది. కొమ్మమూరు కాలవ దక్షిణాన పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలవలో కలుస్తుంది. పెదగంజాం నుంచి నెల్లూరు తీరం వెంబడి, మద్రాసు నగరం మధ్యగా, పుదుచ్చేరికి ఇవతల మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు సముద్రానికి సమాంతరంగా పోయే ఉప్పునీటి కాలవ అది. 1876-78 నాటి ధాత కరువులో కూలి కోసం వచ్చిన జనం చేత దాని పనులు చాలా చేయించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరే దానికి పెట్టారు. రైలు బలపడే వరకు బియ్యం, కట్టెలు, ఉప్పు పడవల మీద ఈ దారినే మద్రాసు చేరేవి. మా తాతగారి చిన్నతనంలో మా ఊరి రేవులో ధాన్యం ఎక్కించిన పడవ మద్రాసు పోయి, తిరుగుప్రయాణంలో చెన్నపట్నపు సరుకుతో వచ్చేదట. ఆయన పోయేదాకా మద్రాసు అనలేదు, చెన్నపట్నం అనే అన్నారు. నన్ను అత్తవారింటికి సాగనంపేటప్పుడు మా నాయనమ్మ, "ఎంత దూరమే, మన కాలవ వెంట పోతే వచ్చేదే ఆ ఊరు" అని ఓదార్చింది.

మా నాయనమ్మ చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే ఆ కాలవ ఊళ్ళోకి వచ్చేసరికి ఏమవుతుందో ఆవిడ చూడలేదు. 1960లలోనూ 1970లలోనూ వచ్చిన తుపానులు దాన్ని పూడ్చేశాయి. నేను చూసేనాటికి నగరంలో అది మురుగుకాలవ. ఆ తర్వాత దాని గర్భంలోనే స్తంభాలు లేపి పైన రైలు నడిపారు. బీచి నుంచి చేపాక్కం దాకా ఆ రైలు 1995లో మొదలైంది. ఆ రైలెక్కినప్పుడల్లా నేను కిందికి చూస్తాను. నల్లటి నీళ్ళలో మా తాతగారి పడవ కనిపించదు.

*

మావారిది ఒక తెలుగు ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. ఇల్లు పశ్చిమ మాంబళంలో. ఇల్లంటే ఇల్లు కాదు, పోర్షను. ముందు ఒక గది, వెనక వంటిల్లు, ఆ వెనక నలుగురు అద్దెవాళ్ళకూ కలిపి ఒక స్నానాలగది, ఒక చేదబావి. ఇంటావిడ అరవావిడ, అందరికీ మామి. సామాను దింపుకున్న మొదటి గంటలోనే ఆవిడ నాకు చెప్పినది అద్దె సంగతి కాదు, నీళ్ళ సంగతి. బావినీళ్ళు తోముకోవడానికీ ఉతుక్కోవడానికీ. తాగడానికీ వంటకూ వీధి పంపు. అది తెల్లవారుజామున ఎప్పుడు వస్తే అప్పుడే. ఇంటికి పన్నెండు బిందెలకు మించి పట్టకూడదు. ఆవిడకు తెలుగు రాదు, నాకు అరవం రాదు. అయినా ఒక్క మాట పొల్లుపోకుండా అర్థమైంది.

మా అమ్మ సారెలో పెట్టిన ఇత్తడి బిందె తీసుకుని మొదటిరోజు నాలుగు గంటలకు పంపు దగ్గరికి వెళ్ళాను. అప్పటికే వరసలో రంగురంగుల ప్లాస్టిక్ బిందెలున్నాయి. మనుషులు లేరు, బిందెలే నిలబడి ఉన్నాయి. ఎవరి బిందె ఎవరిదో రంగును బట్టి అందరికీ తెలుసు. ఆకుపచ్చది ఎదురింటి కుట్టుపనివారిది, ఎర్రది మూల ఇస్త్రీ బండివారిది. ఆ వరసలో నా ఇత్తడి బిందె పెళ్ళివారింట్లో దారితప్పిన పెద్దమనిషిలా నిలబడింది. ఆడవాళ్ళు నవ్వారు. చెడ్డ నవ్వేమీ కాదు. ఖాళీగానే అంత బరువుండే బిందె మోస్తూ పన్నెండుసార్లు ఎలా తిరుగుతుందీ పిల్ల అన్న నవ్వు. వారం రోజుల తర్వాత పద్దులో ఉంది చూడండి: "నీలం ప్లాస్టిక్ బిందెలు రెండు." ఇత్తడి బిందె వంటింట్లో తాగునీళ్ళకు కుదురుకుంది. ఇప్పటికీ అక్కడే ఉంది.

బిందెకు సుమారు పదిహేను లీటర్లు. పన్నెండు బిందెలంటే నూట ఎనభై లీటర్లు. ఇద్దరికి. బియ్యం కడిగిన నీళ్ళు గిన్నెలకు, గిన్నెల నీళ్ళు తులసికోటకు, బట్టలు జాడించిన చివరి నీళ్ళు వాకిట్లో చల్లడానికి. ఈ క్రమం నాకు ఎవరూ నేర్పలేదు. పక్క పోర్షన్లను చూసి ఆరు నెలల్లో పట్టుబడిపోయింది.

*

నీళ్ళు పుష్కలంగా ఉండవలసిన చోట మేము కాపురమున్నామని నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. మా వీధికి కొద్ది దూరంలో లేక్ వ్యూ రోడ్డు ఉంది. దాని మీద నడిచినన్నిసార్లు చెరువేదని వెతుక్కునేదాన్ని. చెరువు లేదు. ఇటు నుంగంబాక్కంలో ట్యాంక్ బండ్ రోడ్డు ఉంది. అక్కడా ట్యాంకు లేదు, బండూ లేదు.

ఉండేది. నుంగంబాక్కం నుంచి మాంబళం మీదుగా సైదాపేట వైపు, నగరానికి పడమటి సరిహద్దుగా ఒక పొడవాటి తటాకం ఉండేది. పాత పటాల్లో దాని పేరే లాంగ్ ట్యాంక్. జనం పెరిగి నగరం ఇరుకవగా 1920లో పట్టణ ప్రణాళిక చట్టం చేశారు. 1923 ప్రాంతంలో ఆ చెరువును ఎండగట్టి, పూడ్చి, కొత్త పేట వేశారు. దానికి జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరు పెట్టారు. అదే త్యాగరాయనగరు. నడిమధ్య తోటకు అప్పటి ముఖ్యమంత్రి పానగల్లు రాజా పానగంటి రామరాయణింగారి పేరు పెట్టారు. ఇద్దరూ తెలుగువారేనని మనం గర్వంగా చెప్పుకుంటాం, నేనూ చెప్పుకున్నాను. వారి పేర్ల కింద ఒక చెరువు సమాధి అయి ఉందని తెలిసిన తర్వాత ఆ గర్వం కాస్త తగ్గుముఖం పట్టింది. నుంగంబాక్కం వైపు మిగిలిన చెరువు నేల మీదే 1976లో వళ్ళువర్ కోట్టం లేచింది.

వారిని తప్పుపట్టడం సులువు. వందేళ్ళ కిందట నగరానికి కావలసింది నేల, నీరు ఎక్కడినుంచో తెచ్చుకోవచ్చునన్న ధీమా ఉంది. ఆ ధీమాకు కారణమూ ఉంది. 1772లో కోటకు నీళ్ళివ్వడానికి ఉత్తరాన ఏడు బావుల పథకం పెట్టారు. ఆ పేట పేరు ఇప్పటికీ ఏడు బావులే. నూరేళ్ళ తర్వాత 1870లలో కొశస్థలయారు నీటిని ఆనకట్ట కట్టి మళ్ళించి, చోళవరం మీదుగా ఎర్రకొండల చెరువుకు, అక్కడినుంచి నగరానికి కాలవ తెచ్చారు. 1914లో కీల్పాక్కంలో నీటిని వడగట్టి తోడే కేంద్రం వచ్చింది. 1944లో పూండి జలాశయం కట్టారు. దానికి సత్యమూర్తి పేరు పెట్టారు. ప్రతిసారీ నగరం తన కాళ్ళ కింద ఉన్న చెరువును వదిలి, మరో ఇరవై మైళ్ళు ముందుకు చెయ్యి చాచింది. 1901లో అయిదు లక్షల పైచిలుకున్న జనం 1981కి ముప్పైమూడు లక్షలకు చేరువయ్యారు. చాచిన చెయ్యి చాలలేదు.

పోనీ వాన లేదా అంటే, మన బెజవాడకంటే మద్రాసుకే వాన ఎక్కువ. ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్లు. అందులో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపల, తుపానులతో కలిసి, కొద్ది రోజుల్లో పడిపోతుంది. ఆ కొద్ది రోజుల నీళ్ళను తక్కిన తొమ్మిది నెలలకు దాచిపెట్టేవే చెరువులు. చెరువు పోయినచోట వాన వరదవుతుంది, ఎండ కరువవుతుంది. ఈ ముక్క మా ఊరి ఏ రైతునడిగినా చెప్పి ఉండేవాడు.

*

1983 నాటి పుస్తకం తీస్తే అంచున అంకెలు మార్చి నుంచి దిగడం మొదలవుతాయి. 12 పోయి 8, 8 పోయి 5. మే నెలలో నాలుగు సున్నాలున్నాయి. 1982 చివరి వానలు మొహం చాటేశాయి. చెరువులు అడుగంటాయి. లారీల్లో నీళ్ళు తెచ్చి వీధి మొగలో పోసేవారు. లారీ ఎప్పుడొస్తుందో తెలియదు. పగలు వస్తే పరుగు, రాత్రి వస్తే పరుగు.

అప్పటికి నాకు ఆరో నెల. బిందె ఎత్తవద్దని డాక్టరమ్మ చెప్పింది. మావారు ఊళ్ళో పెద్దకొడుకు. మగవాడు బిందె భుజాన వేసుకుని వీధిలో నడవడం ఆయన ఎరగరు. మొదటి నాలుగు రోజులు చీకట్లోనే, వరసలో బిందె పెట్టి దూరంగా నిలబడి, నిండగానే ఎవరూ చూడకుండా తెచ్చేవారు. అయిదోరోజు లారీ పట్టపగలు పదింటికి వచ్చింది. ఆయన ఆఫీసుకు చొక్కా తొడుక్కుని బయలుదేరుతున్నారు. ఒక్క క్షణం గుమ్మంలో ఆగారు. తర్వాత చొక్కా విప్పి వంకెకు తగిలించి, రెండు చేతులా రెండు నీలం బిందెలు పట్టుకుని పరుగెత్తారు. ఆ తర్వాత ఆ వీధిలో మగవాళ్ళు బిందెలు మోయడం వింతగా లేదు. పెద్ద ఉద్యమమేమీ జరగలేదు. దాహం చేసిన సంస్కరణ అది.

ఆ మే నెలలోనే మా అత్తగారు నన్ను చూడవచ్చారు. ఆవిడకు మడి ఆచారం. మొదటిరోజు కాళ్ళు కడుక్కోవడానికి చెంబెడు, మడిబట్ట తడపడానికి బకెట్టు, మైలపడ్డానేమోనని మళ్ళీ చెంబెడు. ఆ రోజు లెక్క 5 బిందెలు. నేను నోరు మెదపలేదు. రెండోరోజు తెల్లవారుజామున ఆవిడ లేచి వాకిట్లోకి వచ్చి, కొడుకు బిందె భుజాన మోసుకు రావడం చూశారు. ఏమీ అనలేదు. ఆ పూట పొడి చీరతోనే దేవుడి దగ్గర దీపం పెట్టి, "నీళ్ళు లేని ఊళ్ళో మడేమిటే అమ్మాయీ, దేవుడికి తెలియదా" అన్నారు. తరతరాలుగా కదలని ఆచారం రెండు రోజుల్లో కదిలింది. దాన్ని నేను పద్దులో రాసుకోలేదు. మర్నాటి అంకె మాత్రం ఉంది: 4.

నిద్రలేక మావారి కళ్ళు వాచిపోయేవి. ఒకరోజు ఒక సీరియల్లో "ఆమె కన్నీరు కార్చింది" అన్నచోట "ఆమె తన్నీరు కార్చింది" అని అక్షరాలు పేరిస్తే, అది ఆయన కళ్ళు దాటిపోయి అలాగే అచ్చయింది. అరవంలో తణ్ణీరంటే నీళ్ళు. ఆఫీసులో చీవాట్లు తిన్నారు. "మద్రాసు పాఠకులెవరూ అది అచ్చుతప్పనుకోరండీ, ఆ తల్లి ఇంట్లో పంపు వచ్చిందనుకుంటారు" అన్నాను. చాలా రోజుల తర్వాత ఇద్దరం గట్టిగా నవ్వాము.

ఆ వేసవిలోనే తెలుగు గంగ వార్త. కృష్ణ నీటిలో తమ వాటా నుంచి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు మద్రాసుకు ఇవ్వడానికి 1976లోనే ఒప్పుకున్నాయి. 1983 ఏప్రిల్‌లో రెండు రాష్ట్రాలూ ఒప్పందం చేసుకున్నాయి. మేలో ఇందిరాగాంధీ, ఎన్టీ రామారావు, ఎంజీ రామచంద్రన్ ముగ్గురూ ఒకే వేదిక మీద పథకాన్ని ప్రారంభించారు. శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు, వెలుగోడు మీదుగా పెన్నకు, సోమశిలకు, కండలేరుకు, అక్కడినుంచి పూండికి. దారిలో ఆవిరీ ఇంకుడూ పోగా సరిహద్దులో అప్పజెప్పేది 12 టీఎంసీలు. ఆ దారి పొడవునా రాయలసీమకూ నెల్లూరుకూ సాగునీరు.

ఆ రాత్రి మావారు పద్దు పుస్తకం వెనక అట్ట మీద లెక్క వేశారు. ఇప్పటికీ ఉంది. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు, అంటే దాదాపు 189 కోట్ల బిందెలు. "మీ పెరటి కృష్ణ నీ కోసం వస్తోందోయ్" అన్నారు. 1952లో పొట్టి శ్రీరాములుగారు మైలాపూరులో నిరాహారదీక్షలో ప్రాణం విడిచిన ఊరిది. "మద్రాసు మనదే" అని ఊరేగింపులు తీసినవారు చివరికి ఊరు వదులుకుని వెళ్ళారు. ముప్పై ఏళ్ళకు అదే ఊరికి మనం నీళ్ళు పంపుతామన్నాం. ఆ మాట తలచుకుంటే నాకప్పుడు గొంతు పూడుకుపోయింది. అందులో ఇంకొక వైపు ఉండవచ్చునని తోచలేదు.

*

మా పెద్దవాడు ఎనిమిదిలో ఉండగా ఆ నీళ్ళు వచ్చాయి. 1996 సెప్టెంబరులో కృష్ణ మొదటిసారి తమిళనాడు సరిహద్దు దాటింది. ఆ ఏడే మద్రాసు పేరు చెన్నై అయింది. మరుసటి ఏడు తిరుపతి వెళ్ళి వస్తూ ఊత్తుకోట్టై దగ్గర బస్సు దిగాము. కండలేరు నుంచి 152 కిలోమీటర్లు ఆంధ్ర నేల మీద నడిచి వచ్చిన కాలవ అక్కడ సరిహద్దు దాటి, మరో 25 కిలోమీటర్లు పోయి పూండిలో కలుస్తుంది. గట్టు దిగి నీళ్ళు దోసిట పట్టుకున్నాను. మా పెరటి మెట్ల దగ్గరి వాసనేమైనా వస్తుందేమోనని చూశాను. నీళ్ళ వాసనే వచ్చింది.

గట్టు మీద మేకలు కాసుకుంటున్న ముసలాయన మా తెలుగు విని దగ్గరికి వచ్చాడు. ఆయన పొలం కాలవకు ఇవతల, మూడేళ్ళుగా బీడు. "యాడికమ్మా పోతుండారు?" అన్నాడు. మద్రాసని చెప్పాము. కాసేపు కాలవ వంక చూసి, "మా ఊరి పక్కనే పోతుండాయమ్మా ఈ నీళ్ళు. చూసేదానికి మావి, తాగేదానికి మీవి" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. కోపముంటే జవాబు చెప్పగలిగేదాన్ని. తాగునీరు ముందు, సాగునీరు తర్వాత అని న్యాయం చెప్పవచ్చు. అది సరైన న్యాయమే. కాని చెరువును పూడ్చి ఇల్లు కట్టుకున్న ఊరివాళ్ళం, చెరువు పూడ్చని ఊరివాడికి ఆ న్యాయం ఏ మొహంతో చెప్పాలి? తిరుగు బస్సులో మావారూ నేనూ మాట్లాడుకోలేదు.

మొదటి సంవత్సరాల్లో వచ్చిన నీరు ఒప్పుకున్నదానిలో కొద్ది భాగమే. మట్టి కాలవ దారిలోనే తాగేసింది. 2002 తర్వాత సత్యసాయి ట్రస్టు పూనుకొని కండలేరు కాలవకు లైనింగు వేయించింది. ఆ పని జరుగుతున్న రోజుల్లోనే కృష్ణకే నీళ్ళు లేకపోయాయి. ఎగువ వానలు రెండేళ్ళు వరసగా తప్పాయి. 2003లో మా తమ్ముడు ఫోను చేశాడు.

"అక్కా, నారుమళ్ళు పోసే దిక్కు లేదు. కాలవలో పిల్లలు క్రికెట్టాడుతున్నారు. మీకేమన్నా వస్తున్నాయా మన కృష్ణ నీళ్ళు?"

"లేదురా. పంపులో నీళ్ళు చూసి నెలలైంది. లారీలే."

వాడు కొంచెంసేపు మాట్లాడలేదు. "మరి ఎవరి దగ్గరున్నాయే?" అన్నాడు.

వాడి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఒకే నదికి అటు కొసన వాడు, ఇటు కొసన నేను, మధ్యలో మేకల ముసలాయన. ముగ్గురి చేతుల్లోనూ ఖాళీ కుండలే. నది ఎంత పొడవైతే అంత భరోసా అని అనుకున్నాం ఇన్నాళ్ళూ. పై వానలు తప్పితే పొడవుకు విలువ లేదని ఆ ఏడు తెలిసింది.

*

అదే 2003లో తమిళనాట ప్రతి కట్టడానికీ వాననీటి ఇంకుడుగుంత తప్పనిసరి చేశారు. అప్పటికి మామి పోయారు. ఆవిడ పిల్లలు పాత ఇల్లు పడగొట్టించి ఫ్లాట్లు కట్టిస్తే అందులో ఒకటి మేము కొనుక్కున్నాము. పాత చేదబావిని పూడ్చేయబోతుంటే మావారు అడ్డుపడి, డాబా మీది వాననీళ్ళ గొట్టం తెచ్చి అందులోకి వదిలించారు. ఆయన జీవితంలో పదిమందిలో గొంతెత్తి వాదించినది ఆ ఒక్కసారే. రెండు వానాకాలాలు గడిచేసరికి బావిలో నీరు పైకి లేచింది, ఉప్పదనమూ కొంత తగ్గింది. ఆ చెరువు అడుగున ఇంకా చెరువు గుణం చావలేదన్నమాట.

ఆ గుణం 2015 డిసెంబరులో ఇంకొక విధంగా కనబడింది. రెండు రోజులు ఆగకుండా వాన కురిసింది, అడయారు పొంగింది, మా కింది అంతస్తులో నడుములోతు నీరు నిలిచింది. మేము రెండో అంతస్తులో కొవ్వొత్తి వెలుతురులో కూర్చుని, వరండాలోంచి కింద చూశాము. వీధి లేదు. పొడవుగా, నిశ్చలంగా ఒక తటాకం. తొంభై ఏళ్ళ తర్వాత లాంగ్ ట్యాంకు తన స్థలం చూసుకోవడానికి వచ్చినట్టుంది. ఇన్ని నీళ్ళ మధ్య ఇంట్లో తాగడానికి నీళ్ళు మాత్రం లేవు. ఇత్తడి బిందెలో ముందురోజు పట్టినవే ఇద్దరం గ్లాసు గ్లాసు తాగాము.

నాలుగేళ్ళు తిరగకుండానే, 2019 జూనులో నగరపు నాలుగు పెద్ద చెరువులూ ఎండిపోయాయి. పూండి, చోళవరం, ఎర్రకొండలు, చెంబరంబాక్కం, నాలుగూ నిండితే 11 టీఎంసీలకు పైమాట. జులైలో జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్ళు తెచ్చారు. ఒక్కొక్క రైలుకు 25 లక్షల లీటర్లు. అప్పటికే మీంజూరులో 2010 నుంచి, నెమ్మెలిలో 2013 నుంచి సముద్రపు నీటిని మంచినీరు చేస్తున్నారు. ఏడు బావులతో మొదలుపెట్టిన నగరం కొశస్థలయారును, కృష్ణను దాటి, చివరికి మొదటిరోజు నుంచి తన గుమ్మంలో ఉన్న సముద్రం దగ్గరికే వచ్చి దోసిలి పట్టింది.

*

పద్దు పుస్తకాల్లో అంచు గీత 1991 తర్వాత లేదు. ఆ ఏడు మా పోర్షనుకు కుళాయి వచ్చింది. ఇంట్లో తిప్పితే వచ్చే నీళ్ళను లెక్కపెట్టాలని ఎవరికి తోస్తుంది? ఇప్పుడు మా ఇంట్లో నాలుగు రకాల నీళ్ళున్నాయి. కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు, లారీ నీళ్ళు, ఇరవై లీటర్ల క్యాను నీళ్ళు. కుళాయిలో వచ్చేదాంట్లో కృష్ణ ఎంత, కొశస్థలయారు ఎంత, సముద్రం ఎంత, చెప్పలేను.

నిన్న మావారితో అన్నాను, ఒక్కరోజు కొలిచి చూద్దామా అని. డెబ్భై దాటిన ఆయన, డెబ్భైకి దగ్గరపడిన నేను, పొద్దుటినుంచి రాత్రి దాకా వాడిన ప్రతి బకెట్టూ, ప్రతి చెంబూ లెక్క రాశాము. రాత్రికి కూడితే ముప్పైఒక్క బిందెలు. ఇద్దరికే. 1983 మేలో, కడుపుతో ఉన్న నేను, ఆయన, అత్తగారు కలిసి నాలుగు బిందెలతో ఒక రోజు గడిపాము. ఆ నాలుగు బిందెల రోజులు మళ్ళీ రావాలని కోరుకునే పిచ్చిదాన్ని కాను. ఆ బరువు నా నడుముకు ఇప్పటికీ జ్ఞాపకమే. కాని నాలుగుకూ ముప్పైఒకటికీ మధ్య ఉన్న ఇరవైఏడు బిందెలు ఎవరి గట్టు పక్కనుంచి నడిచి వచ్చాయన్నది నా ప్రశ్న. మా తమ్ముడు ఫోనులో అడిగిందీ అదే.

మావారు అంకె చూసి ఏమీ అనలేదు. కొత్త పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. కుడివైపు అంచున నిలువుగీత ఆయనే గీశారు.